సోఫియా కోవలేవ్‌స్కాయా: గణితమునందలి కల్పనాశక్తి

గణితము శుష్కశాస్త్రమనియుఁ గావ్యము సరసకళ యనియు విభజించి పలుకుట లోకమునఁ బరిపాటి. లెక్కలయందుఁ గృషి చేయువారికి రసజ్ఞత యుండదనియు, రసజ్ఞులకు లెక్కలు రావనియు మన పాఠశాలలలో సైతము వాడుకగాఁ జెప్పుకొందురు. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును దెనుఁగు పద్యములలోనికిఁ దెచ్చెను; భాస్కరాచార్యుఁడు లీలావతిని శ్లోకములలో రచించెను. కాని యివి గణితమునకుఁ బద్యరూప మొసఁగిన కృతులు. గణితమునే కవిహృదయముతోఁ జేయవలెనను మాట వేఱు. ఆ మాటను స్పష్టముగాఁ బలికిన గణితవిదుషి పందొమ్మిదవ శతాబ్దమున రష్యాదేశమున జన్మించిన సోఫియా కోవలేవ్‌స్కాయా. హృదయమునఁ గవి కానివారు గణితజ్ఞులు కానేరరని యామె యొక లేఖలో వ్రాసెను.

ఇది సాహిత్యప్రియురాలి మర్యాదావాక్యమా? లేక శాస్త్రానుభవమునుండి పుట్టిన సత్యమా? ఆమె గణితకృతులనే పరిశీలించినఁగాని యీ ప్రశ్నకు సమాధానము దొరకదు. ఈ విచారమునకు మఱియొక ప్రయోజనము కూడఁ గలదు. ఆమె గణితమంతయు గురువు పెట్టిన భిక్ష యని కొందఱును, ఆమె కథలు నాటకములు విరామకాలపు వినోదములని కొందఱును భావించిరి. ఈ రెండు మాటలను నిష్పక్షపాతముగాఁ దూఁచి చూచుట యీ వ్యాసమున కుద్దేశము.

బాల్యము

సోఫియా 1850వ సంవత్సరము జనవరి 15వ తేదీన మాస్కో నగరమున జన్మించెను. తండ్రి వసీలీ కోర్విన్-క్రుకోవ్‌స్కీ ఫిరంగిదళమున సేనాధిపతి. తల్లి ఎలిజవేతా షూబెర్ట్ వంశమునఁ బుట్టినది. ఆ వంశమున జ్యోతిశ్శాస్త్రజ్ఞుఁడు నొకఁ డుండెను. తండ్రి యుద్యోగము విరమించిన పిదప నీ కుటుంబము వీతెబ్‌స్క్ మండలములోని పాలిబినో యను తమ పల్లెకుఁ జేరినది. అచ్చటి భవనమునకు గోడకాగితము లంటించునపుడు పిల్లల గదికిఁ గాగితము చాలలేదు. అంతట నటకపై నున్న పాతకాగితములను దెచ్చి యంటించిరి. అవి ఓస్ట్రోగ్రాడ్‌స్కీ యను గణితాచార్యుని కలనగణితోపన్యాసముల ముద్రితప్రతులు. తండ్రి తన యౌవనమునఁ గొన్నవి. ఆ బాలిక గంటలకొలఁది యా గోడయొద్ద నిలిచి, యర్థముకాని యా సంకేతములను జూచుచు, ఏ పుట వెనుక నే పుట రావలెనో వెదకుచుండెడిది. ఏండ్లు గడచిన పిమ్మటఁ గలనగణితము నేర్చునపుడు, ఆ విషయము లెల్ల ముందే తెలిసినట్లు తోఁచుటకు నీ గోడయే కారణమని యామె తన బాల్యస్మృతులలోఁ జెప్పినది.

అంతకంటె మన విచారమునకు ముఖ్యమైన సంగతి యొకటి కలదు. పొరుగున నుండు తీర్తోవ్ అను నాచార్యుఁడు తాను రచించిన భౌతికశాస్త్రగ్రంథము నొకదానిని వారి యింటి కొసఁగెను. అందలి కాంతిప్రకరణమున ‘సైను’ అను పదము బాలికకుఁ దారసిల్లెను. త్రికోణమితి యామెకుఁ దెలియదు. గృహోపాధ్యాయునివలన సమాధానము దొరకలేదు. అపుడామె తానే యాలోచించి, యా పదమునకు బదులు వృత్తజ్యను, అనఁగాఁ జాపముయొక్క రెండుకొనలను గలుపు సరళరేఖను, బెట్టి చూచెను. కోణములు చిన్నవి గావున సూత్రములు సరిపోయెను. ఈ సంగతి విని తీర్తోవ్ ఆశ్చర్యపడి, యామె నొక క్రొత్త పాస్కలుగాఁ గొనియాడి, గణితము నేర్పింపవలసినదని తండ్రికి బోధించెను.

ఈ యాశ్చర్యమునకుఁ గారణమును మన పండితులు సులభముగా గ్రహింపఁగలరు. చరిత్రలో సైను పుట్టిన మార్గ మిదియే. గ్రీకులు పూర్ణజ్యల పట్టికలు గట్టిరి, క్రీ. శ. 499లో ఆర్యభటుఁడు వానికి మాఱుగా నర్ధజ్యలను గ్రహించెను. ఆ జ్యకుఁ బర్యాయమగు ‘జీవా’ శబ్దము అరబ్బులచేత ‘జీబ’ యై, పిదప ‘జైబ్’గాఁ జదువఁబడి, లాటినులో ‘సైనస్’గా ననువదింపఁబడెను. పుస్తకమునఁ గానరాని యీ మూలమును రష్యాదేశపుఁ బల్లెలోని బాలిక యూహచేతఁ బట్టఁగలిగెను. తెలియని పదమునుజూచి యాఁగిపోక, “ఇది యిట్టిదైనచో నేమగును?” అని యొక రూపమును గల్పించుకొని, దాని ఫలితములను బరీక్షించుట యామె బుద్ధియొక్క స్వభావము. ఈ స్వభావమే ముందును గానవచ్చును.

విద్యార్జనము

ఆ కాలమున రష్యాలో విశ్వవిద్యాలయముల ద్వారములు స్త్రీలకు మూయఁబడి యుండెను. తండ్రి యనుమతియో భర్త యనుమతియో లేనిదే స్త్రీ విదేశములకుఁ బోవుటకు వీలులేదు. అందుచేతఁ గొందఱు యువతులు, తమ యాశయములను మన్నించు యువకులను బేరునకు మాత్రము వివాహమాడి దేశము దాఁటుచుండిరి. సోఫియాయు నట్లే 1868లో వ్లదీమిర్ కోవలేవ్‌స్కీ నట్టి యేర్పాటుతోఁ బెండ్లియాడెను. ఆయన డార్విను గ్రంథములను రష్యాభాషలోనికిఁ దెచ్చినవాఁడు. తరువాత శిలాజశాస్త్రమునఁ బేరొందినవాఁడు.

1869లో దంపతులు హైడెల్‌బర్గు చేరిరి. అచటను స్త్రీని విద్యార్థినిగాఁ జేర్చుకొను నియమము లేదు. ఒక్కొక్క యాచార్యుని యనుమతి వేఱువేఱుగా వేఁడి యామె హెల్మ్‌హోల్ట్స్, కిర్కాఫ్, కోనిగ్స్‌బెర్గర్ మున్నగువారి యుపన్యాసములు వినెను. 1870లో బెర్లినునకుఁ బోఁగా, ఉపన్యాసములు వినుటకుఁ గూడ నచటి విశ్వవిద్యాలయ మంగీకరింపలేదు. అంతట నామె కార్ల్ వైయర్‌స్ట్రాస్ అను గణితాచార్యుని యింటికే పోయి తన్ను శిష్యురాలిగా గ్రహింపు మని కోరెను. ఆయన పరీక్షార్థము కొన్ని కఠినసమస్యల నిచ్చి పంపెను. ఆమె తెచ్చిన సమాధానములలోని నూతనత్వమును జూచి, విశ్వవిద్యాలయమునఁ దాను చెప్పిన పాఠములనే నాలుగేండ్లు తన యింట నామెకు వేతనము గొనక చెప్పెను.

ఈ కృషిఫలముగా మూఁడు పరిశోధనవ్యాసములు సిద్ధమయ్యెను. 1874లో గోటింగెన్ విశ్వవిద్యాలయము వానిని గ్రహించి, యామె యెదుట లేకయే, అత్యున్నత ప్రశంసతో డాక్టరు పట్టమును బ్రసాదించెను. ఆధునిక యూరోపున గణితమునం దీ పట్టమును బడసిన స్త్రీలలో నామె ప్రథమురాలు.

గురువు పాలెంత, శిష్యురాలి పాలెంత?

ఆ మూఁడింటిలో మొదటిది పాక్షిక అవకలన సమీకరణములఁ గూర్చినది, 1875లో ముద్రితమైనది. ఒక రాశి కాలమును బట్టియు స్థలమును బట్టియు మాఱుచున్నప్పుడు, ఆ మార్పుల నడుమ నుండు సంబంధమును దెలుపునవి యీ సమీకరణములు. ఆరంభస్థితి తెలిసినచోఁ దరువాతి స్థితిని ఘాతశ్రేణిగా, అనఁగాఁ గాలముయొక్క ఘాతముల మొత్తముగా, సమీకరణమునుండియే పదము వెంటఁ బదముగాఁ దీయవచ్చును. అట్లు తీసిన శ్రేణి యెల్లప్పుడు నొక నియతసంఖ్యకుఁ జేరునని విద్వాంసులు భావించుచుండిరి.

సోఫియా యీ భావమునకు భంగము గలిగించు నుదాహరణమును గనిపెట్టెను. అదియు విపరీతమైనది గాదు; కడ్డీలో వేఁడి ప్రసరించు తీరును దెలుపు సుప్రసిద్ధ సమీకరణమే. కడ్డీమీఁది దూరమును ‘అ’ యనుకొందము. ఆరంభమున వేఁడి, 1ని (1 – అ) చే భాగింపఁగా వచ్చు ఫలమునకు సమానమనుకొందము. అప్పుడు మూలబిందువునొద్ద శ్రేణిలోని గుణకములు వరుసగా 1, 2, 12, 120, 1680, 30240 అని పెరుగును. కాలము పదియవవంతైనచోఁ బదములు 1, 0.2, 0.12, 0.12, 0.168, 0.3024 అగును. మొదటఁ దగ్గుచున్నట్లు కనఁబడినను, పిదప మఱల నెక్కి యంతులేక పెరుగుచుండును. ఎంత చిన్నకాలమును గైకొన్నను గడకు గతి యిదియే. ఇందులకుఁ గారణమేమన, ఈ సమీకరణమున కాలమునం దొక్కసారి యవకలనము చేయుటకు స్థలమునందు రెండుసార్లు చేయవలసివచ్చును. కావున గుణకముల పెరుగుదలను గాలఘాతములు తగ్గింపఁజాలవు.

ఈ విఘాతమును జూచియే యామె సరియైన నియమమును గనుఁగొనెను. ఒక చలరాశివిషయమున నత్యున్నతక్రమపు టవకలనమును వేఱుచేసి వ్రాయఁగలిగి, తక్కిన చలరాశుల క్రమము దానిని మించకయుండి, దత్తాంశములెల్ల ఘాతశ్రేణులుగా విస్తరింపఁదగినవైనచో, అట్టి శ్రేణీరూపమైన సాధన మొక్కటియే యుండును. ఆరంభబిందువు సమీపమున నా శ్రేణి యభిసరించును. ఫ్రాన్సుదేశీయుఁడు కోషీ 1842లో నిందలి కొంతభాగమును నిరూపించియుండెను. ఆ సంగతి యప్పుడు గురుశిష్యు లిరువురకుఁ దెలియదు. నేఁడు కోషీ–కోవలేవ్‌స్కాయా సిద్ధాంతమను పేర నిది యీ శాస్త్రమునఁ బ్రథమపాఠములలో నొకటిగాఁ బఠింపఁబడుచున్నది.

ఇఁక గురువు పాలెంత? వైయర్‌స్ట్రాస్ తానే యొక సహాధ్యాపకునకు వ్రాసిన లేఖలో, ఈ వ్యాసమున సమస్య నిచ్చుటయు భాషాదోషములను దిద్దుటయుఁ దప్పఁ దనకు భాగము లేదని స్పష్టపఱచెను. ఇంతకంటె బలవత్తరమైన సాక్ష్య మేమి కావలయును? అట్లని యామె కృతులన్నియు నిర్దుష్టములని చెప్పుటయు న్యాయము గాదు. స్ఫటికములందుఁ గాంతి వక్రీభవనమును గూర్చి 1885లో నామె ప్రకటించిన వ్యాసమున దోషము కలదని, ఆమె మరణానంతరము ఇటలీదేశపు గణితజ్ఞుఁడు వోల్టెర్రా చూపెను. గురువు పద్ధతినే యనుసరించిన యా వ్యాసమునఁ దప్పు దొరలుటయు, గురువు నిరీక్షింపని మార్గమునఁ దానే పోయిన వ్యాసము శాశ్వతమగుటయు గమనింపఁదగిన విషయము.

నిరుద్యోగము, స్వీడను పిలుపు

ఇంతటి పట్టముతో స్వదేశమునకు మఱలిన విదుషికి, బాలికలకుఁ బ్రాథమికతరగతులలో నంకగణితము చెప్పుటకంటె నెక్కుడు పని దొరకదని తేలిపోయెను. అంతట నామె గణితమును మాని, పత్రికలకు శాస్త్రవ్యాసములు నాటకవిమర్శలు వ్రాయుచుఁ గొన్నియేండ్లు గడపెను. నామమాత్రమైన వివాహము నిజమైన వివాహమై 1878లోఁ గూఁతురు గలిగెను. 1880లో ప్రకృతిశాస్త్రజ్ఞుల మహాసభలో దన పూర్వకృతులలో నొకదానిని జదివి మఱల గణితమునకుఁ దిరిగెను. ఆ యేఁటనే రష్యాలో మాస్టరు పరీక్షకుఁ గూర్చుండుట కనుమతి వేఁడఁగా నది నిరాకరింపఁబడెను. వ్యాపారమున నష్టపడిన భర్త 1883లో నాత్మహత్య చేసికొనెను.

ఆ యేఁటి చివర, వైయర్‌స్ట్రాస్ శిష్యుఁడే యైన మిట్టాగ్-లెఫ్లర్ ప్రయత్నమున నామె స్టాక్‌హోమ్ ఉన్నతవిద్యాశాలకుఁ జేరెను. మొదట జీతము లేదు. శ్రోత లిచ్చు శుల్కమే వేతనము. 1884 ప్రారంభమున జర్మనుభాషలో నుపన్యాసములు మొదలిడి, త్వరలోనే స్వీడిషు నేర్చి యా భాషలోఁ జెప్పసాఁగెను. ఆ యేఁటనే యైదేండ్ల గడువుతో నాచార్యపదవి లభించెను. స్త్రీ గణితాచార్యపదవి నందుట వికృతమని స్ట్రిండ్‌బెర్గ్ అను ప్రసిద్ధరచయిత యాక్షేపించి వ్రాసెను. పదవి మాత్రము నిలిచినది, 1889లో శాశ్వతమైనది.

బొంగరము

గట్టివస్తువొకటి యొక బిందువుపై నిలిచి తిరుగుచున్నపుడు దాని గతిని గణించుట యొక పురాతనసమస్య. మన పిల్లలాడు బొంగరమే దీనికి దృష్టాంతము. వస్తువుయొక్క గురుత్వకేంద్రము నిలుకడబిందువుననే యున్న సందర్భమును ఆయిలరు సాధించెను. వస్తువు తన యక్షముచుట్టు సమరూపమై, గురుత్వకేంద్ర మా యక్షముననే యున్న సందర్భమును లాగ్రాంజి సాధించెను. పిదప నూఱేండ్లదాఁక మఱియొక సందర్భ మెవ్వరికిని లొంగలేదు. జర్మను గణితజ్ఞులు దీనిని గణితమత్స్యకన్య యని పిలుచుచుండిరఁట. ఆకర్షించును గాని చిక్కదని భావము.

సోఫియా యీ సమస్య నొక విపరీతమార్గమున సమీపించెను. బొంగరమును వెంటనే వీక్షింపక, కాలమునే వాస్తవసంఖ్యగాఁ గాక సంకీర్ణసంఖ్యగా భావించెను. అనఁగాఁ గాలము మనము గడియారమునఁ జూచు రేఖవంటిది గాక, సమతలమువలె విస్తరించినదని కల్పించెను. అట్టి కాలమునందు సమాధానము లే నిబంధనలకు లోఁబడినప్పుడు సుస్వభావము గలిగియుండునని యడిగెను. తెలిసిన యా రెండు సందర్భములును వెలువడెను. వానితోపాటు క్రొత్తది యొకటి వెలువడెను. మూఁడు ప్రధానాక్షముల జడత్వభ్రామకములలో రెండు సమానములై, యొక్కొక్కటి మూఁడవదానికి రెట్టింపై, గురుత్వకేంద్ర మా సమానాక్షముల తలముననే యున్నచో సమస్య సాధ్యమగును. ఇదియే కోవలేవ్‌స్కాయా బొంగరము.

పారిసు శాస్త్రపరిషత్తు బోర్డిన్ బహుమానమునకై యీ విషయమునే పోటీకిఁ బెట్టియుండెను. వ్రాసినవారి పేరు కనఁబడకుండ, ఒక సూక్తిని మాత్రము గుఱుతుగాఁ బెట్టి వ్యాసములను బంపవలెను. 1888 డిసెంబరులో నిర్ణేతలు తా మెన్నిన వ్యాసముయొక్క గొప్పదనమునుబట్టి, బహుమానమును 3,000 ఫ్రాంకులనుండి 5,000 ఫ్రాంకులకుఁ బెంచిరి. పిమ్మట నా సూక్తివెనుక నున్న పేరు తెఱచి చూచిరి. పేరు మూయఁబడినప్పుడు పాండిత్యమునకు దొరకిన మర్యాద, పేరు తెలిసినచోట్ల దొరకకపోవుట యామె జీవితమున నెల్లెడలఁ గాన్పించును. మఱుసటియేఁట చెబిషేవ్ మున్నగువారి ప్రయత్నమున రష్యా శాస్త్రపరిషత్తు తన నియమమును మార్చి యామెను సంవాదిసభ్యురాలిగా నెన్నుకొనెను. కాని స్వదేశమున నధ్యాపకపదవి మాత్ర మొసఁగలేదు.

కాలమును సంకీర్ణసంఖ్యగాఁ జూచు నీ పద్ధతిని బిదప పెంలెవే మొదలగువారు పెంపొందించిరి. ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమున సాధ్యగతులఁ గూర్చిన పరిశోధన మఱల విజృంభించినపు డీ బొంగరము దాని ముఖ్యోదాహరణములలో నొకటి యయ్యెను.

సాహిత్యకృతులు

ఈ కాలముననే యామె సాహిత్యరచనకుఁ బూనుకొనెను. 1887లో, మిట్టాగ్-లెఫ్లరు సోదరియు రచయిత్రియు నగు ఆన్ షార్లొట్ లెఫ్లరుతోఁ గలసి ‘సుఖమునకై పోరాటము’ అను జంటనాటకమును సిద్ధముచేసెను. మొదటి నాటకమునఁ గథ జరిగిన తీరు. రెండవదాన నవే పాత్రలతో జరిగియుండఁదగిన తీరు. ఈ యూహకు మూల మామె గణితమునుండియే చూపినది. పాయింకరే పరిశీలించిన సమీకరణముల సాధనలు వక్రరేఖలై, కొన్ని బిందువులయొద్ద శాఖలుగాఁ జీలును. అచ్చటిదాఁక గతి నిశ్చితము, అచ్చట నే శాఖఁ బట్టునో ముందు చెప్పరాదు. మానవజీవితమునను నట్టి బిందువులు కలవని యామె తలఁపు.

బాల్యస్మృతులు 1889లో స్వీడిషుభాషలోఁ బాత్రల పేళ్లు మార్చి నవలగాను, 1890లో రష్యాభాషలో స్వచరిత్రగాను వెలువడెను. అక్క ఆన్యూతా రహస్యముగాఁ గథలు వ్రాసి దొస్తోయెవ్‌స్కీ పత్రికలోఁ బ్రకటించుటయు, ఆయన వారి యింటికి వచ్చి యామెను వివాహమునకుఁ గోరుటయు నిందు వర్ణితములు. ‘నిహిలిస్టు యువతి’ యను నవల యామె మరణానంతరము ప్రచురింపఁబడెను.

1891 ఫిబ్రవరి 10వ తేదీన, నలువదియొకటవ యేఁట, ఊపిరితిత్తుల వాపుచేత సోఫియా స్టాక్‌హోమ్‌లో మృతినొందెను.

ఉపసంహారము

పై విషయములనుబట్టి మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. కవిత్వమనఁగా నలంకారమే యైనచో నామె గణితమునఁ గవిత్వము లేదు. ఆమె వ్యాసములు నిరాడంబరములు. కవిత్వమనఁగాఁ గనులకుఁ గానరానిదానిని గల్పించి, యా కల్పనయొక్క ధర్మమును దప్పక తుదిదాఁక నడచుట యైనచో, సైనునకు బదులు జ్యను నిలుపుటయు, అందఱు నమ్మిన శ్రేణి చెదరు చోటును వెదకుటయు, కాలమును సమతలముగా విస్తరించుటయు, ఒక్క కథ రెండు శాఖలుగాఁ జీలుటయు నొక్క శక్తియొక్క వ్యాపారములే. కవి ఛందోనియమమునకు లోఁబడియే కల్పించినట్లు, ఈమె తర్కనియమమునకు లోఁబడి కల్పించెను. కావున నామె సాహిత్యము విరామవినోదము గాదు. ఆమె గణితము గురువు భిక్షయుఁ గాదు.

ఉపాధ్యాయులగువారికి నిందు గ్రహింపవలసినది యొకటి కలదు. పాఠ్యక్రమమున లేని పదమును బట్టుకొని యొక బాలిక ప్రశ్న వేసినపుడు, “అది నీకిపుడు పనిలేదు” అని త్రోసివేయుట సులభము. పాలిబినోలో నా బాలిక తానే త్రోవ గల్పించుకొనెను. ఆ త్రోవ సరియైనదని గుర్తింపఁగల తీర్తోవ్ పొరుగున నుండెను. ఆయన చేసిన పని మిక్కిలి చిన్నది: ఆమె చెప్పినదానిని దుదిదాఁక విని, దాని విలువ నెఱిఁగి, తండ్రితో నొక మాట చెప్పెను. గోటింగెన్, స్టాక్‌హోమ్, పారిసు మెచ్చుకొనుటకుఁ బూర్వమే యామె ప్రతిభను మొదట నెఱిఁగినది ఆ వినిన చెవియే. మన తరగతులలోఁ గూర్చుండు బాలికలకు నట్టి శ్రోత దొరకుట యుపాధ్యాయుల చేతిలోని పని.